మసి అంటినచోట

ఎయ్‌బార్‌లో వాన పడని రోజును
చుట్టాల పెళ్లిరోజులా గుర్తుపెట్టుకుంటాం.
ఆమె వచ్చింది అలాంటి రోజున కాదు.
గుమ్మంలో గొడుగు కారుతుంటే
రగ్గులో చుట్టిన జోడుగొట్టాల తుపాకిని బల్లమీద పెట్టి
మద్దాలెన్ ఇసార్రాల్దె, అంది.
"మా నాన్నది. నాకు సరిపోయేలా మడమ మార్చాలి."

తుపాకికి మడమ అంటారు గాని
అది నేలను తొక్కదు.
భుజాన్ని తొక్కుతుంది.

తిప్పి చూశాను. ఇనుము నిక్షేపంగా ఉంది,
మా తాత పుట్టకముందు ఈ వీధి చివరి కొలిమిలో పుట్టింది.
కర్రే మెడదగ్గర చిట్లి,
ఎవరో రాగితీగతో కట్టు కట్టారు.
చెంప ఆనినచోట
నలభై అక్టోబర్ల చెమట నల్లగా మెరుస్తోంది.

కొలతలు తీశాను.
మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా,
చెంప ఎముక నుంచి కంటిపాప దాకా.
కుడి భుజం గుంటలో టేపు పెట్టబోతే
"అటు కాదు" అంది.
కోటు కుడివైపు బట్ట
ఏ ఆసరా లేనట్టు తిన్నగా కిందికి జారి ఉంది.
టేపు చుట్టేశాను. మళ్లీ విప్పాను, ఎడమవైపుకు.
ముప్పై ఏడేళ్ల నా గోడమీద
ఆ రెండు క్షణాలకు పనికొచ్చే పనిముట్టు లేదు.

చిక్కు ఇంకోటుంది.
బొటనవేలు చాపి ఒక్కో కన్నూ మూయమంటే
పెత్తనం కుడికంటిదేనని తేలింది.
ఎడమ భుజం, కుడి కన్ను.
కర్ర ఆమె గడ్డం కిందుగా
ఏరు మలుపు తిరిగినట్టు దాటాలి.
"అవుతుందా?"
"అవుతుంది. చూడ్డానికి వంకరగా ఉంటుంది."
"నేనూ అంతే" అని నవ్వింది.
నేను నవ్వలేదు. కాసేపటికి ఇద్దరం నవ్వాం.

నవార్రాలో పాడుబడిన పిండిమర వెనక కూలిన అక్రోటు
పదకొండేళ్లుగా నా అటకమీద ఎండుతోంది.
చేవంతా మొదట్లోనే ఉంటుంది,
మాను బరువు మోసి మోసి నార మెలితిరిగినచోట.
తిన్నని కర్రను వంచితే విరుగుతుంది.
ఇది ముందే వంగి ఉంది, నేను గీత గీశానంతే.

ఇక ఇనుమును కర్రలో కూర్చోబెట్టడం.
కిరసనాయిలు దీపం పొగలో ఇనుముకు మసి పట్టించి
గాడిలో దించి, ఒక్కసారి తట్టి, తీస్తాను.
మసి అంటినచోట కర్ర ఎక్కువున్నట్టు.
అక్కడ ఉలితో, ఉల్లిపొరంత.
మళ్లీ మసి. మళ్లీ తట్టు. మళ్లీ తీయి.
పెళ్లిచూపులు కావివి, కాపురం:
ఒరుసుకున్నచోటే గీక్కోవాలి,
ఎక్కువ గీకితే జీవితాంతం లొడలొడ.
మా ఆవిడ ఇచాసో ఈ మాట ఒప్పుకోదు.
ఎప్పుడూ కర్రనే గీకుతావేం, అంటుంది,
ఇనుముకేం పోయేకాలం?

తొమ్మిదో రోజుకి మసి అంతటా సమంగా అంటింది.
ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.
తర్వాత అవిసె నూనె, అరచెయ్యి వేడెక్కేదాకా,
రోజుకో పొర, నెలన్నర.

గొట్టాలు ఖాళీయేనని రెండుసార్లు విరిచి చూసి
ఆమె చేతికిచ్చాను.
ఎదురుగా, గొట్టాల కొసన నిలబడ్డాను.
"కళ్లు మూసుకో. భుజానికెత్తు. ఇప్పుడు తెరువు."
రెండు గొట్టాల నడిమి పట్టీ మీద
సరిగ్గా కూర్చుని ఉంది కుడికన్ను,
తేనెరంగుది,
రెప్పవెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి.
నన్నే చూస్తోంది.
నేను తల తిప్పుకోలేదు.

"ఏం కొడతావు?"
"తెలీదు. పావురాలు కనుమ దాటేటప్పుడు
నాన్న నిలబడ్డచోట నిలబడతా.
కొడతానో లేదో."

ఆమె వెళ్లాక చూస్తే
పాత కర్ర బల్లమీదే ఉంది.
మర్చిపోయిందో, వదిలేసిందో.
పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాలేదు.
రాగితీగ మాత్రం విప్పి
మేకుల సీసాలో వేశాను.
ఎప్పుడో దేనికో పనికొస్తుంది.