బొక్క

చిట్యాల రోడ్డు మీద పాలిషింగు కంపెనీల
నాది బొక్క కోసే పని.
తొమ్మిది ఫీట్ల నల్లబండ పలక,
నడుమ చాక్‌పీసు గీత,
గుండ్రం గాదు, చౌకం గాదు,
కోడిగుడ్డు పండుకున్నట్టు.
ఆ గీతెంబడి బిళ్ళ తిప్పాలె.

బిళ్ళకు నీళ్ళు పడుతనే ఉండాలె,
పొద్దంత, రాత్రి షిఫ్టు గూడ.
నీళ్ళాగితే బిళ్ళ కాలుతది, బండ పగులుతది,
మేస్త్రి నోరు అంతకంటే ముందే లేస్తది.
కంపెనీకి ఆరు బోర్లు. ఏడోది ఏస్తున్నరు.
మా గల్లీకి నల్లా మూడొద్దులకోసారి,
వచ్చిన్నాడు అర్ధగంట.

ఈ తొర్ర దేనికని కంటెయినరు కాడి గుమస్తాను
మొదట్ల ఒకసారడిగిన.
"సింకు. గిన్నెలు కడిగేది.
దాని కింద మిషినుంటది,
మిగిలిన కూడును నూరి నీళ్ళల్ల పంపుతది."
మిగిలిన కూడునా?
మల్ల ఏమీ అడగలే.

మా అయ్య బాయినీళ్ళు తాగి తాగి
కొడవలి లెక్క వంగిండు.
పక్కకు చూడాలంటే మనిషంత తిరగాలె.
నా పని చెప్తే గారపండ్లు కనవడంగ నవ్విండు:
"నాయీ బొక్కలే, నీయీ బొక్కలే కొడుకా.
నీళ్ళు ఎవల్నీ ఊకె ఇడువయి."

కోసినంక ఊడొచ్చే ముక్కలు
కంపెనీ ఎనక కుప్పల పడుతయి.
ఒకటి సైకిలుకు కట్టుకొచ్చిన.
అంజిలమ్మ దాన్ని గోడపొంటి మట్టిల పాతి
బిందె పెట్టింది.
ఒక్క బిందె. సరిగ్గ పట్టింది.
బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు,
గిన్నెలు తొలిచినయి కాకరపాదుకు.

పెట్టె మీద దేశం పేరుంటది, నాకు సదవరాదు.
ఆడెవలో ఒకామె నల్లా ఇప్పి పెట్టి
ఫోన్ల మాట్లాడుకుంట నిలవడుతది గావచ్చు.
ఆమెను నేనేమనను.
ఆనుకున్నప్పుడు ఆమె చేతికి తగిలే అంచు
నున్నగ ఉంటది. ఆ నునుపు నాది.
ఆ బొక్కల ఈ ముక్క పెడితే
అచ్చం కూసుంటది,
బిళ్ళంత సందు తప్ప.

ఇయ్యాల నల్లా రాలే.
బండ మీద బిందె బోర్లిచ్చి ఉన్నది.
అంజిలమ్మ పక్కింట్ల చెంబెడు అడగబోయింది.
నాకు షిఫ్టు టైమైంది.
ఎనిమిది కొయ్యాలె.