తొమ్మిది ప్రశ్నల కాగితం

మిల్వాకీలో జనవరి. అద్దానికి లోపలివైపు కూడా మంచు.
నా పని చిన్నది:
బరువు చూడటం, బీపీ చూడటం,
ఎందుకొచ్చారో ఒక్క ముక్కలో టైపు చేయడం.

ఒడెస్సా పెట్‌వే, యాభై మూడు. సిటీ బస్సు నడుపుతుంది.
ఆగస్టు నుంచి ఇది నాలుగోసారి.
మొదట నడుము. తర్వాత తలనొప్పి.
ఆ తర్వాత, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది అంది.
ఈసీజీ తీశాం, గీతలన్నీ బుద్ధిగా ఉన్నాయి.
ఇవాళ మళ్ళీ నడుము.

నిద్ర పడుతోందా అని అడగబోయాను.
అప్పటికే చొక్కా చెయ్యి మడిచి చాపింది,
బాకీ కట్టేసే మనిషిలా.

డాక్టర్ లిండ్‌గ్రెన్ చెడ్డవాడు కాదు.
పదకొండు నిమిషాలు.
బరువు తగ్గమన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు,
మాత్రలు సరిగా వేసుకోదని రాసుకున్నాడు.
తగ్గించుకోడానికి ఆమె దగ్గర ఇంకేం మిగిలిందో
అడగలేదు.

పక్కగదిలో తెల్లావిడ. అదే వయసు, అదే నడుము.
ఒక్కసారి కళ్ళు తుడుచుకుంది.
ఆమెకి అందింది తొమ్మిది ప్రశ్నల కాగితం:
గత రెండు వారాల్లో ఎన్ని రోజులు
దేని మీదా మనసు పోలేదు, ఎన్ని రోజులు...
ఆ కాగితం అట్టకి తగిలించి, పెన్నుతో సహా
ఇచ్చింది ఎవరనుకున్నారు?
నేనే.

ఒడెస్సాకి ఇవ్వొద్దని ఎవరూ అనలేదు.
నవ్వుతోంది కదా అనుకున్నాను.
గట్టి మనిషి అనుకున్నాను.
ఎంత చవకైన మాట! మందుచీటీ అక్కర్లేని మాట.

నేను పుట్టిన భాషలో మనసుకి వేరే ఒళ్ళు లేదు.
గుండె బరువెక్కుతుంది, కడుపు తరుక్కుపోతుంది,
కాళ్ళూ చేతులూ ఆడవు, అన్నం సయించదు.
బాబాయి పోయిన ఏడాదంతా మా పిన్ని
మోకాళ్ళ నొప్పులనే ఏడ్చింది.
ఆ వీధిలో ఎవరికీ దానికి అర్థం చెప్పాల్సి రాలేదు.
ఇంత తెలిసిన నేను
"నడుము నొప్పి" అని కొట్టి, తర్వాతి పేరు పిలిచాను.

గురువారం రాత్రి బస్సెక్కితే, ఆమే.
"మెట్టు మీద ఐసుంది, జాగ్రత్త."
అందరికీ చెప్పినట్టే నాకూ.
పైనున్న అద్దంలో కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.
ఎవరో దిగుతూ థాంక్స్ అన్నారు. చెయ్యెత్తింది.
నా స్టాపు వచ్చింది, పోయింది.
ఒళ్ళో సంచి, సంచిలో ఖాళీ కాగితం,
ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక
చివరిదాకా కూర్చున్నాను.

ఇంజను ఆపింది. సీట్లోంచి వెనక్కి తిరిగింది,
నడుము పట్టుకుని.
"ఏమ్మా," అంది,
"నీకు ఒంట్లో బాగానే ఉందా?"