సెగర

పటం విప్పగానే కళ్ళబడింది ఆ పేరే.
సెగర అనక్.
సెగ అన్నమాట, అనుకున్నాను.
మన సెగే. పొయ్యి సెగ, ఏప్రిల్లో కొళత్తూరు బస్టాపు
రేకుల కింద మాడు మీద దిగే సెగ.
కాదట. వాళ్ళకి సెగర అంటే సాగరం,
అనక్ అంటే బిడ్డ.
సముద్రం బిడ్డ అగ్గికొండ కడుపులో ఎందుకు పడుకుందో
ఇంకా చదవాలి.

నా పని నీళ్ళ బండ్లు పంపడం.
పొద్దున ఏడింటికి బోర్డు మీద సుద్దతో రాస్తాను
పూండి ఇన్ని అడుగులు, రెడ్‌హిల్స్ ఇన్ని,
చెంబరంబాక్కం ఇన్ని.
తర్వాత ఫోన్లు.
అమ్మా, మూడు రోజులైంది.
అమ్మా, ఇంట్లో పురిటాలు.
అమ్మా, మీ పేరేంటి, పైవాళ్ళకి చెబుతా.
వకుళ, అంటాను. రాసుకోండి. వ, కు, ళ.
పదిహేడేళ్ళుగా చెరువంటే నాకు అంకె.

అక్కడ వానలు ఆగాకే కొండదారి తెరుస్తారు.
ఇక్కడ వానలు ఆగితే మా ఫోన్లు తెరుచుకుంటాయి.
రెండూ ఒకే నెలల్లో.
సెలవు చీటీలో కారణం దగ్గర కలం ఆగింది.
మేనకోడలి పెళ్ళి అని రాయొచ్చు, నాకు మేనకోడలు లేదు.
సరస్సు చూడటానికి, అని రాశాను.
ఇంజనీరు ఇళంగోవన్ రెండుసార్లు చదివారు.
"మనకున్న ఏరీలు చాలవా మేడమ్?"
చాలవు సార్, అన్నాను.
ఆయన దాన్ని వేరే లెక్కలో అర్థం చేసుకుని
నిట్టూర్చి సంతకం పెట్టారు.

మొదట ముగ్గురం.
ఒకామె టికెట్ ధర చూసి ఆగింది.
ఒకామె ఫొటోలో పొగ చూసి ఆగింది:
సరస్సు నడుమ ఇంకో బుల్లి కొండ,
ఇంకా చల్లారలేదు, చుట్ట కాలుస్తున్న ముసలాయనలా ఉంది.
నాకు అదే నచ్చింది.

ఈ ఊళ్ళో ఎక్కడానికి ఏముంది?
ఫ్లైఓవర్లు. ఆదివారమైతే పరంగిమలై మెట్లు.
మిగతా రోజులు మా బిల్డింగే.
ఇరవై లీటర్ల క్యాను భుజానికెత్తి
కింద నుంచి మూడో అంతస్తుకి.
మొదటి వారం మోకాళ్ళు బూతులు తిట్టాయి.
రెండో వారం రెండో అంతస్తు పంకజవల్లి
తన క్యాను కూడా మెట్ల కింద పెట్టింది.
మూడో వారానికి ఎదురింటివాళ్ళదీ, మిద్దె మీదివాళ్ళదీ.
సాధన కదా, వద్దనలేను.
దించినచోటల్లా గ్లాసుడు మజ్జిగ.

బూట్లు ప్యారిస్ కార్నర్లో కొన్నాను, అర సైజు పెద్దవి.
దిగేటప్పుడు బొటనవేలు ముందుకొచ్చి గుద్దుకుంటుందట.
టార్చి, ఉన్ని టోపీ (షాపువాడు నన్ను ఎగాదిగా చూశాడు),
దారిలో తాగడానికి రోజుకి మూడు లీటర్లు.
సరస్సుకి పోతూ నీళ్ళు మోసుకుపోవడం!
పంకజవల్లికి చెప్పి నవ్వాను.
తను నవ్వలేదు.
"ఇక్కడ మాత్రం?" అంది.

నిజమే. రోజూ నా బస్సు ఆగే చోటు పేరు ఏరిక్కరై.
అక్కడ దిగితే కరై లేదు, సోఫాల షాపుంది.
వీళ్ళ భాషలో ఏరి అంటే చెరువు.
కండక్టరు ఏరి, ఏరి అని అరుస్తుంటే
నాకు మాత్రం తెలుగులోనే వినిపిస్తుంది,
తప్పిపోయినవాళ్ళని పేరుపెట్టకుండా పిలుస్తున్నట్టు.

ఆ సరస్సు లోతెంతో పుస్తకంలో ఉంది.
ఆ లైను మీద బస్సు టికెట్ అడ్డం పెట్టి చదువుతున్నాను.
ఎన్ని బండ్లవుతాయో నా బుర్ర ఆగకుండా భాగిస్తుంది,
దాని సంగతి నాకు తెలుసు.
అంచు మీద నిలబడి, ఎవరికీ పంపక్కర్లేని నీళ్ళని
ఒక్కసారి, ఊరికే.

నేను లేని ఎనిమిది రోజులు
బోర్డు రాసే పని నూర్జహాన్‌ది.
నిన్న దగ్గరుండి నేర్పాను.
అడుగులు ఎడమ పక్క, అంగుళాలు కుడి పక్క.
సున్నా వేయాల్సొస్తే భయపడకు, అన్నాను,
సుద్ద గట్టిగా నొక్కి పెద్దగా, గుండ్రంగా వెయ్యి,
గేటు అవతల నిలబడ్డవాళ్ళకి కూడా కనిపించాలి.