పన్నెండో వరుస, ముప్పైయొకటో గడి

తుక్కు కొట్లో మూడువందలిచ్చి కొని
గోనెపట్ట కప్పి, తోపుడుబండి మీద తెచ్చినాడు ఉరుకుందప్ప
జిన్నింగు మిల్లు పాత కంప్యూటర్ని.
"పాపా, దీని అద్దం మీద ఈగ రెట్ట ఉంది.
తుడిస్తే పోదు. పన్నెండేళ్లు తుడిచినాను."

మూత తీస్తే పత్తి.
ఆదోని గాలిలో తేలేదంతా ఫ్యాను రెక్కల్లో చేరి
ఎలుకలు పరుపు కుట్టుకున్నట్టు ఉంది.
బ్రష్షుతో ఊడ్చినా. కార్డు పళ్లు
నా కొడుకు స్కూలు రబ్బరుతో రుద్దినా.
స్విచ్చి వేస్తే ఒక్క కూత,
ఆ తర్వాత నిమ్మళంగా పచ్చ అక్షరాలు.
ఈగ రెట్ట మాత్రం లేదు.

"ఉంటాది," అన్నాడు. "పొద్దు వాలనీ."

మూడు దాటినాక వచ్చింది.
పన్నెండో వరుస, ముప్పైయొకటో గడి,
పక్కపక్కన రెండు చిన్న గీతలు.
రెట్ట కాదది, కొటేషన్ గుర్తు.
ఎవరో ఏదో చెప్పబోయి
నోరు తెరిచి, మాట మరిచిపోయినట్టు.

మానిటర్ మార్చినా. ఉంది.
కార్డు తీసి పక్క గాడిలో గుచ్చినా. ఉంది.
చెరుకురసం బండి దగ్గర ఐసుముక్క అడుక్కొచ్చి
కవర్లో కట్టి, చిప్పుల వీపు మీద
ఒక్కోదానికీ ఆనించుకుంటా పోతే
రెండోదాని దగ్గర గుర్తు మాయం.
ఐసు తీస్తే మళ్లీ ప్రత్యక్షం.
దాన్ని పీకి మొదటిదాని చోట కూర్చోబెట్టినా:
కొటేషన్ పోయి ఆశ్చర్యార్థకం నిలబడింది!

"దొరికింది," అన్నా. "దీనికి ఎండదెబ్బ.
వేడెక్కితే ఆ ఒక్క గడిలో
సున్నా అనాల్సింది ఒకటి అంటాది.
ఖాళీ కొటేషన్ అయితాది. ఐదు ఏడు, నాలుగు ఆరు.
రెండు, మూడు, ఆరు, ఏడు
ఎప్పుడూ ఉన్నదున్నట్టే."

నేను నవ్వినా. ఆయన నవ్వలేదు.
చిప్పులు పాత చోట్లలో పెట్టమన్నాడు.
ఆ గడిలో నాలుగు కొట్టమన్నాడు.
కొట్టినా.
ఆరు.

దానికి ముందు ఒకటి, వెనక సున్నా
తనే కొట్టినాడు, ఒంటి వేలితో,
కీ కీకీ మధ్య ఊపిరి పీల్చుకుంటా.
నూట అరవై.

"మొత్తం బేళ్లు పడేది ఆడనే పాపా.
తొంభైమూడు, మే నెల, సాయంత్రం లెక్క.
గోడౌన్లో నూట నలభై. అద్దంలో నూట అరవై.
ప్రింటరుకు రిబ్బను లేదు,
వారం నుంచి అడగతానే ఉంటి.
చదివింది నేను. గట్టిగా, సేటు ముందర.
కాపలా మద్దిలేటిని ఆ రాత్రే
గేటు బయటికి తోసిరి.
ఒంటిచెయ్యి మనిషి, ఇరవై బేళ్లు యాడికి మోస్తాడని
ఒకాయన అనె.
మిషను తప్పు చెప్పదంటి నేను."

చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేసినా:
లోపలి లెక్క సరిగ్గానే ఉండింటాది.
జబ్బు చూపించేదానికే.
కాగితం మీద తీసుంటే నూట నలభయ్యే వచ్చేది.

ఆయన తువ్వాలతో అద్దం తుడిచినాడు,
అలవాటు కొద్దీ, ఆ ఒక్క చోటే.

అలాంటి చిప్పు నా రేకు డబ్బాలో ఒకటుంది.
తీయబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు.
"వద్దు పాపా. బాగు చేయొద్దు."
మద్దిలేటి కోసిగిలో ఉన్నాడంట,
కూతురి టీ బంకు దగ్గర.
కండ్లు ఇంకా ఆనతాయంట.

గోనెపట్ట మళ్లీ కప్పి తాడు కట్టినాం.
కూలి ఎంత అన్నాడు.
ఏం బాగు చేసినానని, అన్నా.
బండి కదిలేలోపు
పాత బిల్లు వెనక రాసి జేబులో పెట్టినా:

పొద్దున చూపించొద్దు, సరిగ్గా ఉంటాది.
దగ్గర్లో ఫ్యాను ఉంటే ఆపేయండి.
మూడు గంటల దాకా వేడెక్కనీయండి.
ఆ తర్వాత నాలుగు కొట్టండి.