గుగ్గిలం మరకలు

మ్యాచ్ అయిపోయినంక హాలు నాది.
ముహర్రక్‌ల రాత్రి పదకొండు దాటింది.
ఏసీలు బందు చేసిండ్రు,
సముద్రపు ఉక్క తలుపు సందులకెల్లి లోపటికొస్తున్నది.
మోకాళ్ల మీద కూసొని
నేల మీది మరకలు గీకుతున్న.

హ్యాండ్‌బాల్ ఆడేటోళ్లు వేళ్లకు గుగ్గిలం పూసుకుంటరు,
బంతి చెయ్యి ఇడువకుండ.
అది బంతికంటుతది, బంతి నేలకంటిస్తది,
నా చెప్పులకు, చీపురుకు, తినే అన్నానికి సుత.
ఆరినంక నల్లగైతది.
మరకను జూసి చెప్తా నేను:
ఇక్కడ బంతి జారింది,
ఇక్కడ పొడుగు పిలగాడు ఎగిరిండు,
ఇక్కడ నిలవడి ఎవడో శానాసేపు ఆలోచించిండు, గోల్ కాలే.

కోచ్ చెక్ దేశపోడు. పేరు బొహుస్లావ్.
నోరు తిరగక బొగ్గుల సారూ అంటి.
అర్థం చెప్తే కడుపు పట్టుకొని నవ్విండు.
"నిజమే, మా క్లబ్బు పుట్టిందే బొగ్గుల మీద!"

సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు, మిగిలింది చేతులు.
ఏటి ఒడ్డున బట్టల మిల్లు,
మిల్లు ఎనక బాయిలర్ పారవోసిన బొగ్గు కసువు.
దాన్నే సదును చేసి సున్నం గీతలు కొట్టిండ్రట
పన్నెండు మంది నేతగాళ్లు.
పడితే మోకాలు చెక్కుకపోయేది.
తాత మోకాలి తోలు కింద
పచ్చబొట్టు లెక్క నీలి చుక్కలు,
చచ్చేదాక పోలేదట.

యుద్ధం నడిచిన ఒక చలికాలం
గోల్ కట్టెలు పొయ్యిల పెట్టుకున్నరు.
"ఎవలు కాలవెట్టిండ్రు?" అంటే
"మేమే" అన్నడు.
చరిత్ర చెప్పేటోడు గంత సల్లగ
తప్పు ఒప్పుకోంగ నేనెప్పుడు ఇనలే.

హాలు వాళ్లే కట్టుకున్నరు.
ఆడేటోళ్లందరు ఇటుకలు మొయ్యాలె, గంటలు బుక్కుల రాయాలె.
వాళ్లమ్మ ఎడమచేతి ఆటగత్తె,
రెండు వందల పన్నెండు గంటలు.
ఆ అంకె చెప్తాంటే సారు గొంతు మారింది.
ఏడు కప్పులు గెలిచిన ముచ్చట
గ్లాసుల చాయ్ ఒడవకముందే ఒడగొట్టిండు.

పిదప మిల్లు మూసిండ్రు.
సాంచలు పాతినుము కింద పోయినయి.
మిల్లు పేరు మాత్రం
ఇయ్యాల్టికీ ఆటగాళ్ల అంగీల మీద ఉన్నదట.

నేను గీకుడు ఆపిన.
మాది సిరిసిల్ల, సారూ.
మా బాపు రెండు సాంచలు
కిలోల లెక్కన తూకమేసి ఇచ్చిండు.
ఆ పైసలే నా వీసా.
మా అంగీ మీద కంపెనీ పేరుంటది,
దాని ఓనర్‌ను నేనెన్నడు జూడలే.

ఇద్దరం ఊకున్నం.
జనరేటరొక్కటే మాట్లాడింది.

వరుసగ మూడు మ్యాచ్‌లు పోయినయి.
నాలుగో పొద్దు సారును పొమ్మన్నరు.
రాత్రి సంచి భుజానేసుకొని వచ్చిండు, కోపం లేదు.
"మా క్లబ్బు పదకొండేండ్లు ఒక్క కప్పు గెలవలే.
అయినా ప్రతి మంగళారం తాళం తీసినం,
దీపాలు ఏసినం. గవి ఎవలు రాయరు."
బూట్లు ఇడిసి, నా పక్కకు కూసొని
ఒక్క మరక గీకిండు.
బాగ రాలే. ఆయనకు ఆ పని తెల్వది.

పోతూ గుగ్గిలం డబ్బా ఇచ్చిండు, అడుగున నాలుగేళ్ల మందం.

కొత్త కోచ్ వచ్చిండు, పేరు నోటికి సులువే.
ఒక రాత్రి కూసొని లెక్కేసిన.
నాలుగేండ్లు, రాత్రికి మూడు గంటలు,
శుక్రవారాలు తీసేసినా
వాళ్లమ్మను ఎప్పుడో దాటిన.
ఏ బుక్కుల ఎక్కలే.
నవ్వొచ్చింది, ఎందుకో.

డబ్బా మూత తీస్తే
ఎన్నడు జూడని చెట్ల వాసన.
తెగిన చెప్పుకు ఇంత పెట్టి
రాత్రంత ఇటుక కింద ఒత్తిపెట్టిన.
అతికింది.
మీరెవలు నమ్మకున్నా సరే,
ఇంకా ఊడలే.