సరఫరాదారు పేరు

ల్యాబ్ నోట్‌బుక్ మొదటి పేజీలో
నాలుగు గళ్లు అచ్చువేసి ఉండేవి:
నమూనా. బరువు. తేదీ. సరఫరాదారు పేరు.
పుణెలో నా మొదటి వారం.
నమూనా: కొమ్ము దువ్వెన, ఒక పంటి ముక్క.
బరువు: ఆరు మిల్లీగ్రాములు.
నాలుగో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

*

పర్లాకిమిడిలో మా వీధి చివర
ఊక నిప్పు మీద గేదె కొమ్ము తిరుగుతూ ఉండేది.
వెంట్రుకలు కాలిన కమురు కంపు.
బడికెళ్లే పిల్లలు ముక్కు మూసుకుని పరుగు.
నేను ఆగిపోయేదాన్ని.
దండపాణి మహారణా తలెత్తకుండానే
ఒరియా సగం, తెలుగు సగం కలిపి
"రా, ఆ చెంబుడు నీళ్లు పొయ్యి" అనేవాడు.
రాత్రంతా నానిన కొమ్ము ఎలా వంగుతుందో
నానని కొమ్ము ఎలా చిట్లుతుందో
రెండూ నా చేతికే ఇచ్చి చూపించాడు.
"దీనికి కావాల్సింది వేడి. కోపం కాదు."
కొబ్బరినూనె రాసి, రెండు చెక్కల మధ్య బిగించి
చల్లారేదాకా బీడీ కాల్చుకునేవాడు.
విప్పితే కొంగ.
మెడ వంపు అలాగే ఉండిపోయేది.
ఎందుకుండిపోతుందని అడిగితే
"మర్చిపోవడం రాదు దానికి" అన్నాడు.
బీడీ ఆర్పి, కాసేపాగి,
"మళ్లీ నిప్పు చూపిస్తే మర్చిపోతుందిలే."

*

గుణుపూర్ రైలు గేటు దగ్గర టైర్ల కూర్మయ్య
చిల్లుపడ్డ ట్యూబు మీద ముక్క వేసి
కాలిన ఇనపబిళ్ల బిగించి,
గంధకం పొగలో దగ్గుకుంటూ చెప్పాడు:
"అంటించడం కాదు గుంటా, రెండూ ఒకటైపోవాల.
అంటించింది ఊడిపోద్ది."
పదేళ్ల తర్వాత నల్లబల్ల మీద ఎవరో
క్రాస్‌లింక్ అని రాసినప్పుడు
నాకు గేటు పడిన చప్పుడు వినిపించింది.

కాలేజీలో ఉపేంద్ర రథ్ మాస్టారైతే
టిఫిన్ డబ్బాలో సేమియా తెచ్చి
ఒక్క పోగు పట్టి లాగారు. డబ్బా అంతా కదిలింది.
"పొడుగువి చిక్కుపడతాయి, పొట్టివి జారిపోతాయి.
పాఠం అయిపోయింది" అని తినేశారు.
నా పరీక్ష ఫీజు ఎవరు కట్టారో
ఆఫీసు గుమస్తా ఇప్పటికీ చెప్పలేదు.
రశీదు మీద మాత్రం సేమియా జిడ్డు.

*

యంత్రం గీసిన గీత
వంద డిగ్రీల చుట్టుపక్కల లోయలా దిగింది.
"ఇదేమిటి?" అన్నారు బర్వే మేడమ్.
"నీళ్లు. తాగినవి వదిలేస్తోంది."
"ఎక్కడ చదివావు?"
"చదవలేదు. చెంబుతో పోశాను."
ఆవిడ నవ్వలేదు.
పేజీ వెనక్కి తిప్పి
ఖాళీ గడి మీద గోటితో కొట్టారు.
"ఎవరిచ్చారో రాయకపోతే
అది నమూనా కాదు, దొంగసొత్తు."

రాశాను. ఊరు పేరుతో సహా.

*

డాక్టరేట్ వచ్చిన ఏడాది వెళ్లాను.
ఊక నిప్పు లేదు. కమురు కంపు లేదు.
గూట్లో కొంగలు దుమ్ము కప్పుకుని ఉన్నాయి.
"ఏం చేస్తావక్కడ?"
"ప్లాస్టిక్కులు, తాతా. కొత్త రకాలు."
మనవరాలి జడలోంచి
సంతలో కొన్న రెండు రూపాయల ఎర్ర దువ్వెన లాగి
నా ముందు పెట్టాడు.
"ఇది నువ్వేనా?"

కాదనలేదు. అవుననలేదు.

వెలుతురుకి పట్టుకుని చూశాడు దాన్ని,
పనివాడు పనిని చూసినట్టు.
పళ్ల మీద బొటనవేలు నడిపించాడు.
"బాగా వచ్చింది" అన్నాడు.
"నూనె రాయక్కర్లేదు కాబోలు."
ఆ గొంతులో కోపం కోసం వెతికాను.
దొరికితే బాగుండేది.

*

ఇప్పుడు నా దగ్గరకొచ్చే పిల్లలు
నాలుగో గడిలో కంపెనీ పేర్లు రాస్తారు,
కేటలాగు నంబర్లతో. తప్పేం కాదు.

నా బల్ల సొరుగులో
ఒక పన్ను తక్కువైన దువ్వెన ఉంది.
ఇప్పటికీ తల దువ్వుతుంది.
ఆ ఖాళీ దగ్గర మాత్రం
ఒక పాయ
దువ్వకుండా మిగిలిపోతుంది.