పదిహేడో నంబరు రాయి

ఫ్యాను గాలికి లేచిపోకుండా
ప్లాను కాగితం మీద
రాతిగొడ్డలిని బరువు పెట్టింది విశాలాక్షి మేడం.
ఏ కాలంలో ఎవడు నూరినాడో,
ఈ పొద్దు దానికి దొరికిన పని ఇది.

కాగితంలో మ్యూజియానికి ఇంకో అంతస్తు ఉంది.
మెట్ల పక్కన చక్రాల కుర్చీలకు ఏటవాలు దారి.
ఇప్పుడు చీపుర్లు, విరిగిన బల్లలు పడేసిన గదిలో
రేడియో.
రోజూ సాయంత్రం ఆరున్నరకు అర్ధగంట,
బడి పిల్లలకు, చేన్ల నుంచి మళ్లేవాళ్లకు,
కర్నూలు చుట్టూ ఇరవై కిలోమీటర్లు
మా రాళ్లు మాట్లాడతాయంట.

నేను రాత్రి కాపలా.
పద్నాలుగేండ్లుగా
అవి మాట్లాడకుండా ఉండేది విన్నవాణ్ణి.
నవ్వొచ్చింది. నవ్వలేదు.

గోడలకు గుడ్ల అట్టలు అంటించినాడు ఖాజా హుసేన్.
బస్టాండు దగ్గర ఆమ్లెట్ బండోళ్లు ఇచ్చినవి,
లెక్కపెట్టి మూడొందల అరవై.
"ఇంగ రోడ్డు మీది హారన్లు లోపలికి రావు" అన్నాడు.
రాలేదు.
తుంగభద్ర గాలి కూడా రాలేదు.
లోపల నిలబడితే
మన నెత్తురు మనకే వినపడతాది.

మొదటి పాఠం, పదిహేడో నంబరు వీరగల్లు.
మేడం రాసుకొచ్చింది చదివింది:
నల్లరాయి, ఎత్తు నాలుగున్నర అడుగులు,
శ్రీశైలం నీళ్ల కింద పోయిన గుడిరేవుల నుంచి తరలించినది,
వీరుని పేరు తెలియదు.

వాకిలి దగ్గర చీపురు ఆగింది.

"తెలియకపోవడమేంది మేడం,
వాడు మా ఈరన్న గదా."
మద్దమ్మ. చిమ్మడానికి వచ్చి చానా సేపటి నుంచి వింటాంది.
"ఆ రాయి పక్కనే మా కొట్టం.
ఎద్దులు కొమ్ములు రాసి రాసి ఆ గుర్రం చెవి పోయింది.
మీరేమో దండయాత్రలో విరిగిందని పలక పెట్టినారు."

మేడం చేతిలో కాగితం కొంచెం వంగింది.
ఎర్రలైటు వెలుగుతానే ఉంది.
ఖాజా ఆపలేదు.

నీళ్లొచ్చిన పొద్దు గురించి చెప్పలేదు మద్దమ్మ.
అది అందరూ అడుగుతారంట.
ఎవరింటి పక్కన ఎవరిల్లు,
ఏ బావి నీళ్లకు పప్పు ఉడకదు,
ఈరన్నకు ఏ వారం ఎవరు నూనె పూస్తారు.
మధ్యలో దగ్గింది.
ఒక ఇంటిపేరు గుర్తు రాక
అట్లే నిలబడిపోయింది.
ఆ గుర్తురాని నిమిషాన్ని కోయొద్దన్నది మేడం.

అనుమతి కాగితం విజయవాడకు పోయి
రెండుసార్లు తిరిగొచ్చింది.
ఒకసారి సంతకం లేదని,
ఒకసారి సంతకం ఎక్కువైందని.
పై అంతస్తుకు ఊచలు దిగినాయి, ఇసుక రాలేదు.
ప్రసారం ఎప్పుడో ఎవరికీ తెలియదు.

రాత్రి రెండింటికి రౌండు పోతాను.
పదిహేడు దగ్గర టార్చి దించుతున్నా ఇప్పుడు,
కండ్లలో పడకుండా.
ఈరన్నా అని పిలవను,
అంత చుట్టరికం లేదు నాకు.
చెవి లేని గుర్రాన్ని మాత్రం ఒకసారి తడిమి పోతా.

వేళ్లకు నూనె జిడ్డు తగులుతాంది.

రాళ్లకు నూనె పూయరాదని రూలు.
మేడం కూడా తడిమి చూసింది మొన్న,
చేయి చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది.
రిజిస్టరులో ఇంకా ఏమీ రాయలేదు.